పేర్లు మిగిలాయి, క్రియలు పోతున్నాయి: ఒమాహా భాషను గూర్చి

1

అమెరికా సంయుక్త రాష్ట్రాల పటాన్ని బల్లమీద పరిచి చూస్తే ఇంచుమించు నడిమధ్యన నెబ్రాస్కా అనే రాష్ట్రం కనిపిస్తుంది. దాని తూర్పు అంచున, మిస్సోరీ నది ఒడ్డున, ఒమాహా అనే పెద్ద నగరం ఉంది. ఈ రెండు పేర్లలో ఏదీ ఇంగ్లీషు మాట కాదు. 'నీ' అంటే నీరు, 'బ్దాస్క' అంటే చదునైనది. లోతులేక పలుచగా పరుచుకొని పారే ఒక నదిని ఒమాహా ప్రజలూ, వారి పొరుగున ఉండే ఓటో ప్రజలూ కొద్ది ఉచ్చారణ భేదంతో ఆ పేరుతోనే పిలుచుకున్నారు. ఫ్రెంచివాళ్ళు ఆ పేరును తమ భాషలోకి మార్చుకొని 'ప్లాట్' నది అన్నారు. నది ఫ్రెంచి పేరుతో మిగిలింది, రాష్ట్రం ఆదివాసుల మాటను తగిలించుకొంది. ఇక 'ఒమాహా' అనేది 'ఉమొఁహొఁ' అనే మాటకు తెల్లవాళ్ళ పలుకుబడి. ప్రవాహానికి ఎదురు నడిచినవాళ్ళు అని దాని అర్థం.

1854 మార్చిలో ఒమాహా ప్రజలు ఒక ఒడంబడిక మీద సంతకాలు చేసి, మిస్సోరీకి పడమటనున్న తమ భూములను అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నారు. వాళ్ళకు మిగిలింది సుమారు 3 లక్షల ఎకరాలు. అదే సంవత్సరం ఆ నగరం పుట్టింది. అంటే భూమి పోయిన ఏడే ఆ భూమిమీద వాళ్ళ పేరుతో ఒక నగరం లేచింది! భూమిని తీసుకున్నవాడు పేరును గౌరవంగా ఉంచుకోవటం చరిత్రలో కొత్తేమీ కాదు. పేరు ఉంచుకోవటానికి ఖర్చేమీ ఉండదు గదా.

కాని భాష అంటే పేర్లు కాదు. నామవాచకాన్ని ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, పటం మీద అతికించుకోవచ్చు, కార్లకూ బీరు సీసాలకూ పెట్టుకోవచ్చు. క్రియను అట్లా ఎత్తుకుపోవటం సాధ్యం కాదు. ఎవరు, ఎవరితో, దేనితో, ఎటువైపు అనే సంబంధాలన్నీ అందులో ముడిపడి ఉంటాయి. ఆ సంబంధాలలో బతికే మనుషులు ఉంటేనే క్రియ బతుకుతుంది. ఒమాహా భాషలోని క్రియలనూ, నిత్యజీవితంలోని మాటలనూ పరిశీలిస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది. అంతేకాదు, 'లిపి లేని భాషలు పేద భాషలు' అని మన చదువుకున్నవాళ్ళలో ఇప్పటికీ పాతుకొని ఉన్న అభిప్రాయం ఎంత డొల్లదో కూడా తెలుస్తుంది.

2

ఒమాహా భాష 'సూ' భాషా కుటుంబానికి చెందినది. పోంకా ప్రజల భాష, దీని భాష ఇంచుమించు ఒక్కటే. ఓసేజ్, కాన్సా, క్వాపా అనేవి దీని సోదర భాషలు. ఈ గుంపునంతటినీ కలిపి దెగిహ శాఖ అంటారు. వీళ్ళంతా ఒకప్పుడు తూర్పున ఒహైయో నదీలోయ వైపునుంచి వచ్చారనీ, మిసిసిపీ దగ్గర విడిపోయారనీ వారి పరంపరాగత కథనం. ప్రవాహం వెంట కిందికి పోయినవాళ్ళు క్వాపాలయ్యారు, ఎదురు నడిచినవాళ్ళు ఉమొఁహొఁ అయ్యారు. వేటా వ్యవసాయమూ రెండూ వీరి వృత్తులు. వసంతంలో మొక్కజొన్న నాటి, వేసవిలో అడవిదున్నల వేటకు పోయి, పంట కోతకు ఊరు చేరేవాళ్ళు.

ఈ భాషను విస్తారంగా కాగితం మీద పెట్టిన మొదటి మనిషి జేమ్స్ ఓవెన్ డార్సీ. 1871లో పోంకాల దగ్గరికి మతప్రచారకుడుగా వచ్చాడు. తరువాత ప్రభుత్వ మానవశాస్త్ర సంస్థ తరఫున 1878 నుంచి 1880 దాకా ఒమాహాల మధ్య ఉన్నాడు. 1890లో ఆయన అచ్చువేసిన పెద్ద గ్రంథంలో పురాణగాథలు, యుద్ధ కథలు, ఉత్తరాలు ఉన్నాయి. మరుసటి ఏడు ఉత్తరాలతోనే మరో సంపుటం వచ్చింది. రాయటం రాని సామాన్యులు తమవాళ్ళకు చెప్పి రాయించిన ఉత్తరాలు అవి. గుర్రాల గురించి, రోగాల గురించి, చుట్టాల గురించి, భూమి గురించి. గాథలకన్నా ఈ ఉత్తరాలే విలువైనవని నా అభిప్రాయం. ఒక జాతి పనిపాటల మధ్య మాట్లాడుకున్న వచనం అట్లా దొరకటం అరుదు. డార్సీలో మెచ్చుకోదగ్గ మరో గుణం ఉంది. తనకు చెప్పినవాళ్ళలో ఒకరి మాటను మరొకరు కాదంటే, ఆ కాదనటాన్ని కూడా దాచకుండా రాశాడు. 'టూ క్రోస్' అనే పెద్దమనిషి ఇది ఒప్పుకోడు అని ఆయన పుస్తకంలో పలుచోట్ల కనిపిస్తుంది. భాషాశాస్త్రవేత్త ఎడ్వర్డ్ సపీర్ తరువాతి కాలంలో, 1938లో, ఈ మాటను పట్టుకొనే ఒక ప్రసిద్ధ వ్యాసం ఆరంభించాడు.

ఉచ్చారణను గురించి రెండు మాటలు. మన బడి పుస్తకాల నుంచి వెళ్ళిపోయిన అరసున్న ఆ భాషలో నిండు ప్రాణంతో ఉంది. అక్కడ అచ్చును ముక్కుతో పలకటం అలంకారం కాదు, అవసరం. అందుకే ఈ వ్యాసంలో అరసున్ననే వాడుతున్నాను. మనం రాతలో పాటించి నోట్లో తరచు జారవిడిచే అల్పప్రాణ మహాప్రాణ భేదం అక్కడ అర్థాన్నే మార్చేస్తుంది. 'త్తే' అంటే అడవిదున్న. 'థే' అంటే నిలువుగా ఉన్న వస్తువును చూపే ఒక చిన్న పదం. నేను 'ద' అని రాస్తున్న ధ్వని నిజానికి మన దకార లకారాల మధ్యన ఎక్కడో ఉంటుంది.

మరొక హెచ్చరిక కూడా అవసరం. నీటిని వాళ్ళు 'నీ' అంటారని తెలియగానే 'ఇంకేం, మన నీరే!' అని ఎగిరి గంతెయ్యబోయే పండితులు మనలో ఉన్నారు. ఒమాహాలో కూడా తెలుగులో వలెనే కర్త ముందు, కర్మ తరువాత, క్రియ చివర. విభక్తులవంటి పదాలు నామవాచకం తరువాతే వస్తాయి. అయినా ఈ రెండు భాషలకూ చుట్టరికం లేదు. చెవికి సోకిన పోలికను చుట్టరికం అనుకోవటం శాస్త్రం కాదు. మనకు కావలసింది వేరు: మనలాగే వాక్యాన్ని క్రియతో ముగించే ఒక జాతి, ఆ క్రియలో ఏమేమి దాచుకొంది?

3

మొదట పురుష భేదం చూడండి. తెలుగులో 'తింటాను, తింటావు, తింటాడు' అని పురుష ప్రత్యయం క్రియ చివర చేరుతుంది. ఒమాహాలో అది క్రియ మొదట చేరుతుంది. 'దథే' అంటే తింటాడు, లేక తింటుంది. 'బ్దథే' అంటే నేను తింటాను. 'దే' అంటే వెళతాడు, 'బ్దే' అంటే వెళతాను. కర్త ఒక్కటే కాదు, కర్మ కూడా క్రియలోకి వచ్చి కూర్చుంటుంది. నేను నీకు చేసే పనికి 'వి' అనే ఒక్క అక్షరం సరిపోతుంది. నిత్యవ్యవహారంలో కృతజ్ఞత చెప్పేటప్పుడు 'విబ్దహొఁ' అంటారు. అందులో నేనూ ఉన్నాను, నువ్వూ ఉన్నావు. మన 'ధన్యవాదాలు' అనే మాటలో ఎవరు ఎవరికి చెబుతున్నారో ఉండదు, గాలిలోకి విసిరిన నామవాచకం అది. వాళ్ళ కృతజ్ఞత మాత్రం క్రియ.

'నేను' అనటంలో కూడా రెండు రకాలు ఉన్నాయి. నేను పూనుకొని చేసే పనులకు ఒక ఉపసర్గ, నా ప్రమేయం లేకుండా నాకు జరిగే వాటికి మరొకటి. ఏడవటం మొదటి రకం, జబ్బు పడటం రెండో రకం. జబ్బు పడ్డప్పుడు 'నేను' అనేది కర్తగా కాక 'నన్ను' అనే రూపంలో క్రియలో చేరుతుంది. ఇది తెలుగు పిల్లవాడికి విడమరచి చెప్పనక్కరలేదు. మనం 'నేను నడిచాను' అంటాము గాని 'నేను జ్వరించాను' అనము, 'నాకు జ్వరం వచ్చింది' అంటాము. చేసినదానికీ, మీదపడినదానికీ మధ్యనున్న తేడాను రెండు భాషలూ వేరువేరు దారుల్లో పట్టుకున్నాయి.

ఇక ఈ భాషలోని అసలు సంపదకు వస్తున్నాను. సంస్కృతంలో ఉపసర్గ ధాతువు అర్థాన్ని బలవంతంగా మరోచోటికి లాక్కుపోతుందని మన వ్యాకరణాల్లో చదువుకున్నాం. ఆహారం, విహారం, సంహారం, పరిహారం - అన్నిటికీ ధాతువు ఒకటే, అర్థాలకు పొంతన లేదు. ఒమాహాలో మరో రకం ఉపసర్గలు ఉన్నాయి. అవి అర్థాన్ని గాలిలోకి లేపవు. పని దేనితో జరిగిందో చెబుతాయి. 'ది' అంటే చేతితో, 'ద' అంటే నోటితో లేక పళ్ళతో, 'నఁ' అంటే కాలితో, 'బ' అంటే నెట్టటం వల్ల, 'బి' అంటే ఒత్తటం వల్ల, 'గ' అంటే కొట్టటం వల్ల, 'మా' అంటే కత్తితో, 'మూ' అంటే దూరంనుంచి ప్రయోగించిన బాణంతోనో తుపాకితోనో, 'నా' అంటే నిప్పువల్ల లేక వేడివల్ల.

విరగటాన్ని తెలిపే ధాతువు 'హొఁ'. ఆ హకారం గొంతును ఒరుసుకొని రావాలి. చేత్తో విరిస్తే 'దిహొఁ', పళ్ళతో కొరికి విరిస్తే 'దహొఁ', కాలితో తొక్కి విరిస్తే 'నఁహొఁ', దెబ్బవేసి విరగ్గొడితే 'గహొఁ'. తెగటాన్ని తెలిపే ధాతువు 'సే'. కత్తితో కోస్తే 'మాసే', గొడ్డలితో నరికితే 'గసే', పళ్ళతో కొరికి తెంపితే 'దసే'. తెలుగులో మనం ఈ పనిని క్త్వార్థక క్రియలతో చేసుకుంటాం: తొక్కి విరిచాడు, కొరికి తెంపాడు, లాగి చింపాడు. వాళ్ళు ఒక్క అక్షరంతో చేసుకుంటారు. పైగా 'గ' అనేది మనిషి దెబ్బకే పరిమితం కాదు. గాలి తాకిడికీ, నీటి తాకిడికీ కూడా అదే వస్తుంది. కొమ్మను గొడ్డలి కొట్టినా, గాలి కొట్టినా దెబ్బ దెబ్బే గదా.

దీనిని గురించి ఆలోచించండి. 'విరిగింది' అని ఊరుకొనే సావకాశాన్ని ఈ భాష సులభంగా ఇవ్వదు. చెయ్యా, కాలా, పన్నా, కత్తా, నిప్పా అని అడుగుతుంది. శరీరంతో, పనిముట్టుతో బతికినవాళ్ళు తరతరాలుగా నిర్మించుకున్న వ్యాకరణం ఇది. ఏ విశ్వవిద్యాలయమూ కూర్చి ఇవ్వలేదు, ఏ రాజాస్థానమూ పోషించలేదు. తోలు ఊడదీసిన స్త్రీలు, పుల్లలు విరిచిన పిల్లలు, మాంసం కోసిన మగవాళ్ళు నిర్మించారు. శ్రమకూ భాషకూ గల సంబంధాన్ని గురించి మన పత్రికల్లో చాలా రాసుకున్నాం. ఆ సంబంధం ఒక్కొక్క క్రియలో కంటికి కనబడే భాష ఇది.

4

కదలికను తెలిపే క్రియలు మరొక అద్భుతం. మనకు 'వెళ్ళు', 'వచ్చు' అనే రెండు ముఖ్యమైన ధాతువులు ఉన్నాయి. ఒమాహాలో ఎనిమిది. బయలుదేరి పోవటం 'దే', అక్కడికి చేరటం 'హీ', ఇటు వస్తూ ఉండటం 'ఈ', ఇక్కడికి చేరటం 'థీ'. ఇవి నాలుగు. తన చోటికి, తాను మొదట ఉన్న చోటికి తిరిగి పోవటమయితే వేరే నాలుగు ఉన్నాయి: తిరిగి పోవటం 'గ్దే', తిరిగి అక్కడికి చేరటం 'ఖీ', తిరిగి ఇటు వస్తూ ఉండటం 'గీ', తిరిగి ఇక్కడికి చేరటం 'గ్దీ'. పరాయి చోటికి పోవటమూ, ఇంటికి పోవటమూ ఆ భాషలో ఒకే క్రియ కాదు. మనిషి ఎక్కడివాడో తెలియకుండా అతని నడకను గురించి మాట్లాడటం కుదరదు.

మన ఇళ్ళల్లో గడప దాటేటప్పుడు 'వెళతాను' అంటే పెద్దవాళ్ళు కోప్పడతారు. 'వెళ్ళొస్తాను' అనాలంటారు. తిరిగి రావటాన్ని పోవటంలోనే కలిపి చెప్పాలనే ఆరాటం అది. మనకది మర్యాదగా మిగిలింది. వాళ్ళకది వ్యాకరణమయింది.

వస్తువులను గూర్చి మాట్లాడేటప్పుడూ ఇంతే. ఒమాహాలో నామవాచకం వెనుక ఒక చిన్న పదం వస్తుంది. ఆ వస్తువు ఏ భంగిమలో ఉన్నదో అది చెబుతుంది. నిలువుగా ఉన్నవాటికి 'థే', పడుకొని పొడుగ్గా ఉన్నవాటికి 'ఖే', గుండ్రనివాటికి 'దొఁ', చెల్లాచెదరుగా ఉన్నవాటికి 'గె'. ఇల్లు 'త్తీ థే', పారే ఏరు 'నీ ఖే'. ఏరు పడుకొని ఉంటుంది, ఇల్లు నిలబడి ఉంటుంది. ప్రాణులకయితే కూర్చున్నదా, నిలుచున్నదా, కదులుతున్నదా అనే భేదాలు వేరుగా ఉన్నాయి. 'నేను వెళతాను' అని భవిష్యత్తును చెప్పాలంటే 'బ్దే త్తా మిఁఖే' అంటారు. అందులో చివరనున్న 'మిఁఖే' కూర్చొని ఉన్న నన్ను సూచించే మాట. రేపటి పనిని చెప్పేవాడు ఇవాళ ఎక్కడ, ఎట్లా ఉన్నాడో కూడా అందులో అచ్చుపడింది. మనం 'చదువుతూ కూర్చున్నాడు', 'చూస్తూ నిలబడ్డాడు' అనేటప్పుడు ఈ రుచి కొంత తెలుస్తుంది.

కథలు చెప్పే పద్ధతిలో మరో విశేషం ఉంది. కుందేలు 'మష్చిఁగె' కథలు గాని, మాయలమారి 'ఇష్టినికె' కథలు గాని డార్సీ గ్రంథంలో తెరవండి. వాక్యం వెంట వాక్యం 'బియమా' అని ముగుస్తూ పోతుంది. అది మన 'అట'. కుందేలు పోయిందట, ఇష్టినికె ఎదురయ్యాడట. నేను చూడలేదు, పెద్దలు చెప్పగా విన్నాను అని. కన్నదాన్నీ విన్నదాన్నీ వేరుచేసి చెప్పే నిజాయితీని ఈ రెండు భాషల అవ్వలూ తాతలూ పాటించారు. వార్తాపత్రికలే కొన్నిసార్లు పాటించవు.

5

నిత్యజీవితంలోని మాటలకు వస్తే, అందులో మొదటి స్థానం వావివరసలది. 'తాత' అని ఊరికే అనటం కుదరదు. 'విత్తిగొఁ' అంటే మా తాత, 'దిత్తిగొఁ' అంటే మీ తాత, 'ఇత్తిగొఁ' అంటే వాళ్ళ తాత. ఎవరికీ కాని తాత ఎవరూ లేరు! అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు అని మనం వయసునుబట్టి పాటించే భేదం వాళ్ళకూ ఉంది. పైన మరో భేదం చేరింది. మాట్లాడేది మగవాడయితే అన్న 'విజిఁదె', ఆడదయితే అదే అన్న 'విత్తిను'. మేనమామ 'వినేగి'. మేనమామ కొడుకూ ఆ వరసే, మేనమామ కూతురు తల్లి వరస. అంటే మేనమామ కూతురిని పెళ్ళాడే మన మేనరికం అక్కడ ఊహకు కూడా అందదు. మానవశాస్త్రంలో ఈ తరహా వరసలన్నిటికీ, ప్రపంచంలో ఎక్కడ కనిపించినా, 'ఒమాహా పద్ధతి' అనే పేరే స్థిరపడింది.

ఇక్కడ తెలుగుకూ ఒమాహాకూ నిజమైన సమావేశం ఒకటి జరిగింది. అమెరికన్ పండితుడు లూయీ హెన్రీ మోర్గాన్ ప్రపంచ ప్రజల వావివరసలను పోగుచేసి 1871లో అచ్చువేసిన మహాగ్రంథంలో ఒమాహాల పట్టికా ఉంది, తమిళ తెలుగు ప్రజల పట్టికలూ ఉన్నాయి. అమెరికా ఆదివాసుల వరసలకూ దక్షిణ భారతీయుల వరసలకూ కనిపించిన పోలికను చూసి ఆయన వారి మూలం ఆసియాలో ఉన్నదనటానికి అదొక రుజువన్నాడు. ఆ వాదం నిలవలేదు. వరసల పోలిక జాతుల చుట్టరికాన్ని రుజువు చెయ్యదని తరువాతివాళ్ళు తేల్చారు. కాని కుటుంబం అనేది చరిత్రలో మారుతూ వచ్చిన వ్యవస్థ అనే ఆయన మౌలిక దృష్టి నిలిచింది. ఎంగెల్స్ 1884లో కుటుంబాన్ని గూర్చి రాసిన గ్రంథానికి మోర్గానే ఆధారం. మనం అధ్యయన తరగతుల్లో చదువుకున్న ఆ పుస్తకం వెనుక ఎక్కడో ఒక ఒమాహా అవ్వ చెప్పిన 'మా తాత, మీ తాత' ఉన్నాయన్నమాట.

స్త్రీ పురుషుల మాట తీరులో కూడా తేడా ఉంది. మగవాడు వాక్యం చివర 'హ' అని ముగిస్తే, ఆడది 'హె' అని ముగిస్తుంది. 'తిను' అని మగవాడు చెబితే 'దథే గ', ఆడది చెబితే 'దథే అ'. మన 'రారా', 'రావే' అనేవి వినేవారినిబట్టి మారతాయి. అక్కడ చెప్పేవారినిబట్టి మారుతుంది. దీన్ని అసమానత అని కొట్టిపారెయ్యటం గాని, అందమని మురిసిపోవటం గాని నా ఉద్దేశం కాదు. దీనివల్ల వచ్చే ఒక చిక్కును చూపుతాను. ఒక ఇంట్లో భాష తెలిసినది అమ్మమ్మ ఒక్కతే మిగిలితే, మగపిల్లవాడు మగవాళ్ళ మాట ఎవరి దగ్గర నేర్చుకోవాలి? భాష పూర్తిగా పోకముందే సగం పోతుంది.

రంగుల్లో ఆకుపచ్చకూ నీలానికీ కలిపి 'త్తు' అనే ఒకే మాట ఉంది. దానికి ఆశ్చర్యపడేముందు, మనం ఆకునూ పసుపునూ కలిపి 'పచ్చ' అంటామని గుర్తుచేసుకోవాలి. అంకెల్లో రెండు 'నొఁబ', ఏడు 'ప్పేదొఁబ', మూడు 'దాబ్దిఁ', ఎనిమిది 'ప్పేదాబ్దిఁ'. రెండులోంచి ఏడు, మూడులోంచి ఎనిమిది ఎట్లా పుట్టాయో వినగానే తెలుస్తుంది.

తెల్లవాళ్ళతో వచ్చిన వస్తువులకు ఒమాహా ప్రజలు పెట్టుకున్న పేర్లు ఒక చిన్న చరిత్ర పుస్తకం. అడవిదున్న 'త్తే', తెలుపు 'స్క'. తెల్లవాడి ఆవు 'త్తేస్క', అంటే తెల్ల దున్న. లోహం 'మొఁజె', రూపాయివంటి వెండి నాణెం, డబ్బు 'మొఁజెస్క', అంటే తెల్ల లోహం. మందు 'మొఁకొఁ', నలుపు 'సాబె'. కాఫీ 'మొఁకొఁసాబె', అంటే నల్ల మందు. సారా 'ప్పేదె నీ', నిప్పు నీరు. పొగబండి, అగ్గిపెట్టె, ఆలుగడ్డ, సీమచింత అని మన పల్లెజనం మాటలు కట్టుకున్న తీరే ఇది. అప్పు తెచ్చుకోలేదు, ఉన్న మాటలతో కొత్త వస్తువును కట్టి పడేశారు. గుర్రం కథ ఇంకా విచిత్రం. సోదర భాష లకోటాలో 'షుంక' అంటే కుక్క. ఒమాహాలో దానికి సాటివచ్చే 'షొఁగె' అంటే గుర్రం. స్పెయిన్‌వాళ్ళ గుర్రాలు ఆ మైదానాలకు రాకముందు మూటలు మోసింది కుక్కే. బరువు గుర్రం వీపు మీదికి మారింది, బరువుతోపాటు పేరూ మారింది. కుక్కకు 'షినుద' అనే వేరే మాట మిగిలింది. పనిని చేసినవాడికే పేరు దక్కిందన్నమాట!

6

ఇంత నిర్మాణం ఉన్న భాషను ఇవాళ ధారాళంగా మాట్లాడగలవాళ్ళు కొద్దిమంది వృద్ధులు మాత్రమే. ఎందుకిట్లా అయింది? భాషలు చెట్ల ఆకుల్లా కాలంవస్తే రాలిపోతాయని చెప్పేవాళ్ళు ఉన్నారు. ఆకు రాలటానికీ కొమ్మ నరకటానికీ తేడా తెలియకపోతే ఒమాహా క్రియలను అడిగితే సరి. ఇది 'గసే', గొడ్డలి వేటు.

ఆ వేటు రెండు చోట్ల పడింది. మొదటిది భూమి మీద. 1882 చట్టం కింద ఉమ్మడి భూమిని కుటుంబానికి 160 ఎకరాల లెక్కన ముక్కలు చేశారు. మిగిలిన భాగంలో కొంత తెల్ల రైతులకు అమ్మకానికి పెట్టారు. ఈ పంపకాన్ని దగ్గరుండి నడిపింది ఆలిస్ ఫ్లెచర్ అనే విదుషి. ఆమె ఒమాహాలకు మేలు చేస్తున్నాననే నమ్మింది. కాని ముక్కలైన భూమి అమ్మకాలకూ, పన్నులకూ, అప్పులకూ చిక్కి చాలావరకు చేతులు మారింది. కలిసి వేటాడి, కలిసి పంట కోసినప్పుడు అవసరమైన భాష, ఎవరి చెక్కలో వారు మిగిలినప్పుడు వంటింటికి కుదించుకుపోయింది. ఆ చట్టం వెనుక ఉన్న వివాదం ఎంత మొండిదంటే, 2016లో కూడా ఆ ప్రాంతం ఒమాహా రిజర్వేషన్‌లోదే అని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసివచ్చింది.

రెండో వేటు బడిలో పడింది. బడిపంతులుగా ఈ భాగం రాయటం నాకు కష్టంగానే ఉంది. ఫ్రాన్సిస్ లా ఫ్లెష్ అనే ఒమాహా రచయిత తన చిన్ననాటి మిషన్ బడిని గూర్చి 1900లో 'ది మిడిల్ ఫైవ్' అనే పుస్తకం రాశాడు. పిల్లవాడు చేరగానే పేరు మార్చటం, సొంత భాష మాట్లాడితే దండించటం అందులో ఉన్నాయి. కోపంతో ఊగిపోకుండా, పిల్లల ఆటపాటల మధ్య నవ్వుతూ చెప్పటం వల్ల ఆ పుస్తకం మరింత గుచ్చుకుంటుంది. ఆ తరువాత ప్రభుత్వమే వసతి బడులు పెట్టింది. నెబ్రాస్కాలోని జెనోవా పారిశ్రామిక పాఠశాల 1884 నుంచి 1934 దాకా నడిచింది. పిల్లలను ఇంటినుంచి వేరుచేస్తే తప్ప వాళ్ళు 'నాగరికులు' కారని ఆ విధానం నమ్మకం. ఆ పిల్లలు 'దే' అనే క్రియను తమ ఒంటిమీద అనుభవించారు. 'గ్దే' అనే క్రియ వాళ్ళకు ఏళ్ళ తరబడి నిషిద్ధం. ఇంటికి తిరిగి చేరిన నాటికి అవ్వతో మాట్లాడటానికి నోట మాట లేనివాళ్ళు కొందరు. తమ పిల్లలకు ఆ దెబ్బలు వద్దని భాషే నేర్పకుండా ఊరుకున్నవాళ్ళు మరికొందరు. ఈ బడుల వ్యవస్థకు అమెరికా అధ్యక్షుడు క్షమాపణ చెప్పింది 2024 అక్టోబరులో!

లా ఫ్లెష్ జీవితంలోనే ఈ వైరుధ్యమంతా ఉంది. భాష మాట్లాడవద్దన్న బడిలో చదివి, ఫ్లెచర్‌తో కలిసి 1911లో ఒమాహా ప్రజలను గూర్చి బృహద్గ్రంథం రాశాడు. 1932లో, తాను చనిపోయిన ఏడు, సోదర భాష ఓసేజ్‌కు నిఘంటువు అచ్చయింది. ఆయన అక్క సుసెట్ 1879లో పోంకా నాయకుడు స్టాండింగ్ బేర్‌కు అండగా నిలిచి, ఆయన మాటను ఊరూరా సభలలో ఇంగ్లీషులోకి అనువదించి వినిపించింది. ఆదివాసి కూడా చట్టం దృష్టిలో 'మనిషే' అని న్యాయస్థానం ఒప్పుకున్నది ఆ స్టాండింగ్ బేర్ వ్యాజ్యంలోనే. రెండు భాషలు తెలిసినవాళ్ళు ఉండబట్టే ఒక జాతి గొంతు బయటికి వినబడింది. ఒక భాషను చంపి మరొకటి నేర్పనక్కరలేదని చెప్పటానికి ఇంతకన్న రుజువేం కావాలి?

7

ఈ సందర్భంలో మనకు గిడుగు రామమూర్తి గుర్తుకురావటం సహజం. వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగును ఏటా తలుచుకుంటాం. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకొని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని పట్టుబట్టిన గిడుగును అంతగా తలుచుకోం. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. గ్రాంథికం పల్లె పిల్లవాడి నోరు నొక్కుతుందని గ్రహించినవాడే, తెలుగు సవర పిల్లవాడి నోరు నొక్కగలదనీ గ్రహించాడు. ఒమాహాకు జరిగినదాన్ని చదివి అమెరికాను తిట్టి ఊరుకుంటే మనం గిడుగును సగమే చదివినట్టు. మన కొండల్లో, మన బళ్ళల్లో గోండు, కొలామి, కువి, సవర పిల్లల క్రియలు ఏమవుతున్నాయి? ఈ ప్రశ్న మనకు దగ్గరిది.

ఒమాహా ప్రజలు ఊరుకోలేదు. మేసీ పట్టణంలోని వారి బడిలో భాష నేర్పుతున్నారు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయంలో 2000లో ఒమాహా భాషా బోధన మొదలయింది. అక్కడి ఉపాధ్యాయులూ మేసీ పెద్దలూ బడి ఉపాధ్యాయులూ కలిసి తయారుచేసిన పాఠ్యగ్రంథం 2018లో వెలువడింది. డార్సీ రాసిపెట్టిన ఉత్తరాలను వాళ్ళ మునిమనుమలు చదువుకుంటున్నారు. 1890ల్లో మైనపు గొట్టాల మీద పట్టిన పాటలు 1983లో తిరిగి వారి చేతికి వచ్చాయి. వారి పవిత్ర స్తంభం ఒక మ్యూజియంలో వందేళ్ళుండి 1989లో తిరిగి వచ్చింది. వస్తువులు తిరిగి రావటం మంచిదే. కాని స్తంభాన్ని బండిమీద తేవచ్చు, క్రియను తేవటానికి పిల్లల నోళ్ళు కావాలి.

పుస్తకంలో ఉన్న భాష పటం మీది పేరులాంటిది. అది ఉంటుంది, ఎక్కడికీ పోదు, ఎవరికీ బదులు చెప్పదు. ఒక పిల్లవాడు పుల్లను కాలితో తొక్కి విరిచి, ఎవరూ అడగకుండానే 'నఁహొఁ' అన్న నాడు ఆ భాష బతికినట్టు. ఆ పిల్లవాడు సాయంత్రం గడపలో అడుగుపెడితే, లోపలనుంచి ఎవరో 'వచ్చాడు' అని గాక 'ఇంటికి తిరిగి వచ్చాడు' అనే అర్థంతో 'గ్దీ' అనగలగాలి. నెబ్రాస్కా అనే పేరును ఆ రాష్ట్రం ఎన్నాళ్ళయినా ఉంచుకోవచ్చు. ఈ రెండు చిన్న క్రియలను నిలబెట్టటం మాత్రం ఆ పిల్లల వల్ల, వారికి నేర్పే పెద్దల వల్లనే అవుతుంది.